తొమ్మిది చిలుకల బొంత

మా ఇంట్లో ఒక బొంత ఉండేది. పొడవు ఆరడుగుల రెండంగుళాలు, వెడల్పు నాలుగడుగుల ఏడంగుళాలు. బరువు నాలుగు కిలోల చిల్లర. కిలో రాళ్లు అప్పుడప్పుడే కొత్తగా వచ్చాయి, అంగడికి మోసుకుపోయి తూయించాను. నీలం గుడ్డ మీద మూడు వరసల్లో, వరసకు మూడు చొప్పున తొమ్మిది ఆకుపచ్చ చిలుకలు. బొమ్మను వేరే గుడ్డలోంచి కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, కింది గుడ్డ మీద పెట్టి చేత్తో కుట్టిన పని అది. చదువుకున్న చోట దాన్ని అప్లిక్ అనేవాళ్లం. ఇంట్లో దాని పేరు చిలుకల బొంత.

ఇన్ని కొలతలు తెలిసిన నేను ఆ బొంత ఎవరు కుట్టారో తప్పు చెప్పాను. నా మాట నమ్మిన మనిషికి తల్లి తాలూకు వస్తువు ఇంకేదీ లేదు.

మా ఊరు సోమందేపల్లె నుంచి మూడు మైళ్లు లోపలికి. నాయన తల్లి మాతోనే ఉండేది. ఆమెను జేజి అనేవాళ్లం. జేజికి నాయన కంటే ముందు ఒక కూతురు, నాకు మేనత్త. నేను ఆమెను చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదు, ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చేసరికే అత్త పోయి కొన్ని నెలలైంది. ఎనిమిది నెలల ఆడపిల్లను వదిలిపోయింది. ఆ పిల్ల తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని మైసూరు సీమకు వెళ్లిపోయాడు. పిల్లను జేజి పెంచింది. నాకంటే మూడేళ్లు పెద్దది, అందుకని వదినా అని పిలిచేవాణ్ణి.

అత్త ఫోటో లేదు. చీరలు కరువులో చిరిగి పీలికలయ్యాయి, ఉన్న ఒకటి రెండు వెండి సామాన్లు గింజలకు పోయాయి. మిగిలింది ఈ బొంత ఒక్కటే అని జేజి అనేది. అది అటక మీద ఉండేది. ఏడాదికొకసారి ఎండాకాలంలో మిద్దె మీద పరిచి రెండు రోజులు ఎండబెట్టి మళ్లీ పైకెక్కించేవాళ్లం. కప్పుకోవడానికి ఎవరికీ ఇచ్చేది కాదు. వదినకు జ్వరమొస్తే మాత్రం దించేది. ఆ పూట పక్కన కూర్చుని, "మీయమ్మ కుట్టింది, వెచ్చగుంటాది పడుకో" అని చెప్పడం నేను చిన్నప్పుడు విన్నాను. అత్త ఏం పాడేదో, రాగి ముద్ద ఎట్లా చేసేదో, ఎవరిని ఎట్లా వెక్కిరించేదో, అవన్నీ కూడా అప్పుడే చెప్పేది. వదినకు తల్లి అంటే ఆ మాటలే.

అరవై రెండు ఎండాకాలంలో నేను జౌళి డిప్లొమా ముగించి ఇంటికి వచ్చాను. అదే నెలలో వదినకు రాయదుర్గం దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ బడి పంతులమ్మగా ఉత్తర్వు వచ్చింది. హైస్కూలు మొదలు ట్రైనింగు దాకా హాస్టళ్లలోనే ఉన్న మనిషి. పెట్టె సర్దుకుంటూ బొంత దించమంది. దించి మంచం మీద పరిచాను. జేజి పక్కన కూర్చుంది. అప్పటికి ఆమె కళ్లకు పొరలు కమ్మాయి, మాటలు కూడా అక్కడక్కడ తప్పిపోయేవి. మా అమ్మను కూతురి పేరుతో పిలిచేది.

"ఏం మరిదీ, గుడ్డల చదువు చదివి వచ్చినావంట గదా," అంది వదిన. "ఇది మా అమ్మ కుట్టిందేనా కాదా చెప్పు సూద్దాం."

"జేజి చెప్తానే ఉండాది గదా వదినా."

"జేజి నిన్న లేని ఆవుకి గడ్డి వేయమంటాండె. ఆయమ్మ మాట పట్టుకొని ఈ మూట రాయదుర్గం దాకా మొయ్యల్లనా?"

నవ్వుతూనే అంది. కానీ చెయ్యి బొంత మీద నుంచి తియ్యలేదు. జేజి పొరపడుతోందేమోనన్న అనుమానం ఆమెకు నిజంగానే ఉంది. అది తీరకుండా ఆ బొంత తీసుకుపోలేకపోయింది. నాకు అప్పుడు అది అర్థం కాలేదు. మూడేళ్లు నేర్చుకున్నది చూపించుకోవడానికి ఒక వస్తువు దొరికిందని మాత్రమే అనుకున్నాను.

రెండు రోజులు ఆ పని మీదే ఉన్నాను. నా దగ్గర అంగుళానికి ఎన్ని దారాలో లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం ఉండేది. దాన్ని బొంత మీద పెట్టి ఒంటికన్నుతో చూస్తూ, సూది మొనతో దారాలు లెక్కపెడుతూ, కాగితం మీద అంకెలు వేసి రాసుకున్నాను. మొత్తం పదకొండు అంశాలు. అన్నీ గుర్తులేవు, గుర్తున్నవి ఇవి.

ఒకటి: నీలం గుడ్డ మిల్లుది, ముతకది. మగ్గం గుడ్డలో దారం ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఇందులో అట్లా లేదు. రంగు ఇంట్లో అద్దింది. తడి గుడ్డతో రుద్దితే నీలం వచ్చింది.

రెండు: ఆ గుడ్డ అంచున చెరిగిపోయిన మిల్లు ముద్ర. యుద్ధం రోజుల్లో బట్టకు కంట్రోలు పెట్టి కార్డు మీద గజాల లెక్కన ఇచ్చినప్పటి గుడ్డ మీద వేసిన ముద్ర అది.

నాలుగు: కుట్టు దారం రీలుది, మూడు పేటలది. చేతికుట్టు, అంగుళానికి ఏడు.

ఏడు: చిలుకలు తొమ్మిది. పొడవు ఐదున్నర అంగుళాలు, మిల్లు పాప్లిన్. చిలుక ఉన్నచోట వేళ్ల మధ్య పట్టి చూస్తే మందం ఎక్కువ. ఉబ్బెత్తుగా కనబడడానికి దూది కూరి ఉండవచ్చు.

తొమ్మిది: ఒక మూల కుట్టు ఊడి ఉంది. వేలు పెట్టి చూశాను. లోపల పాత గుడ్డలు. కాలనిర్ణయానికి పనికిరావు.

ఈ తొమ్మిదో వాక్యం నా దస్తూరీలో ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

మాకు నేర్పిన సూత్రం ఒకటుంది. ఒక వస్తువులో ఎన్ని ముక్కలున్నా, అన్నిటికంటే కొత్త ముక్క ఏదో చూడాలి, వస్తువు అంతకంటే పాతది కావడానికి వీల్లేదు. సూత్రంలో తప్పు లేదు. కంట్రోలు గుడ్డ వచ్చింది అత్త పోయిన మూడేళ్లకు. సరిచూసుకోవడానికి అమ్మను అడుగుదామని వాకిట్లోకి పోయాను. ఆ ఏడు ఊరి బావులు ఎండిపోయి మైలు దూరం నుంచి నీళ్లు తెస్తున్నారు. అమ్మ నెత్తిన బిందె, చంకలో కడవతో వస్తోంది.

"అమ్మా, బొంత మీది నీలం గుడ్డ ఎప్పటిది?"

"కంట్రోలుది. కార్డు పట్టుకొని పెనుకొండలో దినమంతా నిలబడి నేనే తెచ్చినా. ముందు ఈ బిందె దించురా."

బిందె దించాను. అమ్మ కడవలో నీళ్లు తొట్టిలో పోసి, మళ్లీ వెళ్లిపోయింది. సాయంత్రం లోపల ఇంకా మూడు సార్లు తిరగాలి. నాకు కావలసిన జవాబు వచ్చేసింది, రెండో ప్రశ్న అడగాలని తోచలేదు. లోపలికొచ్చి పదకొండో అంశం రాశాను: గుడ్డ తెచ్చినవారే స్వయంగా ధ్రువపరిచారు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని కాగితం చదివాను. వదిన, జేజి, నాయన విన్నారు. అమ్మ ఇంకా నీళ్ల దగ్గరే ఉంది. చదవడం అయిపోయింది. ముందు జేజి అడిగింది.

"గుడ్డ కంట్రోలుదైతే, బొంత కంట్రోలుదయిపోతాదా?"

"అయిపోతాది జేజీ."

"ఎట్లయితాదిరా? నా కూతురు నా పక్కన కూర్చొని కుట్టె. నేను సూదికి దారం ఎక్కిస్తాంటి."

"అత్త పోయినాక వచ్చిన గుడ్డను అత్త ఎట్ల కుడ్తాది జేజీ?"

జేజి ఏదో చెప్పబోయింది. పెదాలు కదిలాయి కానీ మాట సమకూరలేదు. ఆమెకు తెలిసిన సంగతి ఆమెకు ఎంత మామూలుదంటే, దాన్ని విడమరిచి చెప్పాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ వచ్చి ఉండదు. నేను ఒక నిమిషం ఆగి ఉంటే చెప్పేదేమో. నేను ఆగలేదు. ముద్ర సంగతి మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా, చెవిటివాళ్లకు చెప్పినట్టు.

"సదువుకున్నోనివి," అంది జేజి చివరికి. "నీకే తెల్సులే."

"వాడు అద్దం పెట్టి సూసినాడు గదమ్మా," అన్నాడు నాయన.

వదిన కాగితం ఇమ్మని అడిగి, తలొంచుకుని రెండుసార్లు చదివింది. "అయితే మీ అమ్మ కుట్టింటాది," అంది. అదే సబబని చెప్పాను. కాగితం మడిచి పెట్టెలో పెట్టుకుంది. బొంతను తనే మడిచి అటక మీదికి అందించింది. పొద్దున్నే బస్సుకు నేనే పెట్టె మోశాను. దారి పొడుగునా నన్ను ఆటపట్టిస్తూనే ఉంది. "నువ్వు పెళ్లి చూపులకు పోతే పిల్లను చూడవప్పా, చీర అంచు తిప్పి చూస్తావు," అంది. బొంత ఊసు ఎత్తలేదు.

మధ్యాహ్నం అమ్మ అటక వైపు చూసి, "చిలుకల బొంత ఇడ్సిపెట్టి పోయిందే?" అంది. నాయన, "బరువని," అన్నాడు. అమ్మ ఇంకేం అడగలేదు. కానీ ఆ పూట గిన్నెలు చాలా చప్పుడు చేశాయి.

తరవాత నాకు ఒక నూలు మిల్లులో ఉద్యోగం దొరికింది. వదిన సెలవులకు వచ్చిపోతుండేది, నేను ఇంటికి వచ్చిన రోజులు, ఆమె వచ్చిన రోజులు కలిసేవి కావు. రెండేళ్లకు జేజి పోయింది. తంతి అందుకుని నేను వచ్చేసరికి అంతా అయిపోయింది.

జేజి పోయాక ఆ బొంతను కాపాడేవాళ్లు లేకపోయారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అంతకు ముందు అది మనిషి లాంటిది, నా కాగితం తరవాత అది గుడ్డ. మొదట శనక్కాయలు ఎండబెట్టడానికి దిగింది. ఆ పైన చలికి ఎద్దు మీద కప్పారు. అరవై ఆరులో నేను సెలవు మీద వచ్చినప్పుడు మా బావి లోతు చేస్తున్నారు. అడుగున బండ పడింది. బండకు బెజ్జాలు వేసి, మందు కూరి పేల్చాలి. పేల్చేటప్పుడు రాళ్లు పైకి ఎగిరిరాకుండా బెజ్జాల మీద కంప పరిచి, దాని మీద తడిపిన గోనెలు, బొంతలు కప్పుతారు. మా పక్క బావి తవ్విన ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో బొంతలు అట్లా పోతాయి.

నేను పొలం చేరేసరికి రెండో పేలుడు అయిపోయింది. పైకి చేదిన బండ ముక్కల పక్కన కుప్పగా పడివున్న గుడ్డలో నీలం కనిపించింది. కాలితో తిప్పి చూశాను. తర్వాత కూర్చున్నాను.

నడిభాగం మొత్తం పోయింది. ఒక మూల మూడడుగుల ముక్క మిగిలింది, దాని పొరలు విడిపోయి ఉన్నాయి. పైది కంట్రోలు గుడ్డ. దాని కింద ఇంకో గుడ్డ: మగ్గం నేత, చేత్తో వడికిన ఎగుడుదిగుడు దారం, వెలిసిపోయిన నల్లంచు ముతక చీర. ఆ చీర మీద ఒక చిలుక, సగం. తోక, రెక్క, కడుపు ఉన్నాయి. తల పోయింది. కుట్టు అంగుళానికి పదకొండు, కొన్నిచోట్ల పన్నెండు. పైచిలుకకూ తల పోయింది, మిగిలినంత వరకు అది ఈ కింది చిలుక మీదే కచ్చితంగా, అంచుకు అంచు కలిపి పెట్టి ఉంది. మందం ఎక్కువ ఉన్నది దూది వల్ల కాదు.

ఆ ముక్కను ఇంటికి తీసుకుపోయి అమ్మ ముందు పెట్టాను. రాగులు చెరుగుతున్న చేట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని చూసింది.

"అయ్యో, దీన్ని ఎవరు పొలానికి తెచ్చిరి?"

"నాయన. అమ్మా, ఈ కిందిది ఎవరిది?"

"ఎవరిదేంది? మీ అత్తది. నేను కాపురానికొచ్చేసరికే ఉండె. మీద పీలికలైపోయిందని మీ జేజి గుడ్డ వేయమనె. కంట్రోలు గుడ్డ తెచ్చి, రంగద్ది, వేసినా."

"చిలుకలు?"

"కింద ఉండే చిలుక మీద చిలుక పెట్టల్ల. పువ్వుంటే పువ్వు. ఎవరు వేసినా అట్లే వెయ్యల్ల. లేకుంటే అది వేరే బొంత అయిపోతాది." నన్ను చూసి, ఇది తెలియదా అన్నట్టు మెల్లగా చెప్పింది. "మీద గుడ్డ ఎన్నిసార్లు మారినా బొంత మొదట కుట్టినోళ్లదే కదప్పా. ఆ లోపలది తీసేసేది లేదు, పారేసేది లేదు. అదే గదా బొంతంటే."

"మరి నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"గుడ్డ ఎప్పటిదని అడిగితివి. చెప్తిని."

నాయన అప్పుడే లోపలికొచ్చాడు. ముక్కను, నన్ను చూసి, "యాడి గుడ్డో అని నువ్వే రాసిస్తివి గదా," అన్నాడు. నిష్ఠూరంగా కాదు, గుర్తు చేసినట్టు. అమ్మ ఆయన వైపు చూసింది. ఏం రాసిచ్చానో ఆమెకు అప్పుడే తెలిసింది. నాలుగేళ్లుగా ఆమె ఏమనుకుందో నాకు కూడా అప్పుడే తెలిసింది.

"బరువని ఇడ్సిపోయిందనుకొంటి," అంది. "కన్నతల్లిది మొయ్యలేకపోయెనా అని ఆ పిల్ల మీద కోపం పెట్టుకొంటి. అదే వద్దనుకున్నాక ఎవరికోసం దాచల్లని శనక్కాయలు పోస్తిని."

రెండు రోజుల తర్వాత ఆ ముక్కను సంచిలో పెట్టుకుని బయలుదేరాను. రాయదుర్గం చేరి, ఇంకో బస్సు మారి, దిగినచోట నుంచి రెండు మైళ్లు నడిచాను. బడి ఒకే గది. వదిన ఎక్కాలు చెప్పిస్తోంది. నన్ను చూసి పిల్లలను బువ్వకు వదిలి, గది వెనక తన వంటింట్లోకి తీసుకుపోయింది.

"చెప్పకుండా వచ్చినావంటే పెళ్లన్నా కుదిరుండల్ల, లేదంటే ఉద్యోగమన్నా పోయుండల్ల," అంది.

ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాను. పొరలు విప్పి చూపించి, జరిగింది మొదటి నుంచి చివరి వరకు వరసగా చెప్పాను. పేలుడు సంగతి కూడా దాచలేదు. తప్పు నాది అన్నాను. ఆమె వింటూ చిలుక కడుపు మీది కుట్టు మీద గోరు నడిపిస్తూ ఉంది, ఒక్కొక్క కుట్టు దగ్గర గోరు ఆగుతోంది.

"ఎంత దగ్గరగా వేసింది సూడు," అంది.

కుట్టు వరస చివర గోరు ఆపి: "బొంత పోతే పోయె మరిదీ. నీ కాయితం చదివినాక నేనేం చేస్తినో తెల్సా? ఇదే అబద్ధమైతే, జేజి చెప్పిన మిగతావి మాత్రం నిజమా అనుకొంటి. మా అమ్మ అట్ల పాడేది, ఇట్ల నవ్వేది అని ఎన్ని చెప్పె. అన్నీ ఆయమ్మ కల్పించుకున్నెవే అనుకొంటి. సెలవులకొచ్చినప్పుడు ఏదన్నా చెప్పబోతే, 'పడుకో జేజీ' అంటి. రెండేండ్లు. ఆ మీదట ఆయమ్మ చెప్పేదే మానుకునె."

జేజి చివరి రోజుల్లో అత్త గురించి ఏమైనా అందా అని అడిగింది. నేను అక్కడ లేనన్నాను. నువ్వు చిన్నప్పుడు విన్నవేమన్నా ఉంటే చెప్పమంది. విన్నాను, కానీ అవి నావి కావు గనక గుర్తు పెట్టుకోలేదు. పాడేదని గుర్తుంది. ఏం పాడేదో గుర్తులేదు.

అన్నం పెట్టింది. తింటుండగా నేను, ఆ ముక్కను తడపొద్దని, ఎండ తగలనివ్వొద్దని, అద్దం పెట్టి చట్రం కట్టిస్తే చాలా ఏళ్లు ఉంటుందని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అద్దమెందుకప్పా. మీద గుడ్డ వేస్తా. కింద ఇది పెట్టి, మీద చిలుకను పెట్టి కుడ్తా." సగం చిలుకను ఒడిలో పరుచుకుని, తల ఉండాల్సిన ఖాళీలో వేలు పెట్టింది. "ఇది ఎటు సూస్తాండె? ముందుకా, ఎనక్కి తిరిగినట్టా?"

తొమ్మిది చిలుకల పొడవు నాకు తెలుసు. ముక్కు ఏ గుడ్డో, చుట్టూ ఎన్ని కుట్లో తెలుసు. రెండు రోజులు భూతద్దం పెట్టుకుని వాటి మీదే పడుకున్నాను. అవి ఎటు చూస్తున్నాయో రాసుకోలేదు. కళ్లు మూసుకుని ఎంత ప్రయత్నించినా నాకు దారాలే కనిపించాయి.

అమ్మను అడిగి కార్డు రాస్తానన్నాను. ఆమె సరేనని, గంట కొట్టడానికి లేచింది.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను.

"కింద ఎట్లుంటే అట్ల పెడితి," అంది. "కొన్ని ఇటు, కొన్ని అటు. మూలది ఎటుండెనో మీ జేజికే తెల్సుండె."

కార్డు కొన్నాను. చిరునామా వరకు రాశాను.